తెర లేవని కుళాయి

మొన్న సాయంత్రం గోదావరి గట్టున, నేను రోజూ కూర్చునే సిమెంటు బెంచీ మీద కూర్చుని గాలి పీల్చుకుంటుంటే, మెడలో కెమెరాలు వేలాడేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, అంకుల్, కాస్త లేచి అటు కూర్చుంటారా, ఇక్కడ ప్రీ వెడ్డింగ్ షూట్ ఉంది అని అడిగారు. వాళ్ళ వెనకాల కాబోయే పెళ్ళికూతురు నేలమీద జీరాడే గౌను ఎత్తిపట్టుకుని నిలబడి ఉంది, కాబోయే పెళ్ళికొడుకు ఆ ఉక్కలో కోటు తొడుక్కుని చెమటలు కక్కుతున్నాడు, నెత్తిమీద డ్రోను ఒకటి కందిరీగలా రొద పెడుతోంది. పెళ్ళెప్పుడర్రా అని అడిగాను. ఇంకా చాలా టైముందండి, శ్రావణంలో అన్నారు. అయితే శ్రావణంలో రండి, అప్పుడు లేస్తాను అన్నాను. నేను హాస్యమాడాననుకుని వాళ్ళు నవ్వారు. నేను లేవలేదు. చివరికి వాళ్ళే పక్క బెంచీకి తరలిపోయారు. ఆ వీడియోలో ఏదో ఒక మూల నా మోచెయ్యి పడే ఉంటుంది, పడితే పడనివ్వండి.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. నా పేచీ అంతా ఆ 'ప్రీ' అనే ముక్కతోనే. ఇప్పుడు ఏది చూసినా దానికి ముందు ఇంకోటుంది. సినిమాకి ముందు ప్రీ రిలీజు, ఇళ్ళ స్థలాలకి ముందు ప్రీ లాంచి, పెళ్ళికి ముందు ఈ పరుగులూ ఈ గౌనులూ. అసలుది వచ్చేసరికి జనం అలిసిపోయి ఉంటారు. నా ఈడువాళ్ళు చాలామంది ఇదంతా కొత్త పిచ్చి అనుకుంటారు గానీ, నేనొప్పుకోను. ముందటిదాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలతో మా యానాం ఎనభైల్లోనే మునిగి తేలింది. కాకపోతే అప్పుడు అవి వేరే మాటలు, వాటితో మేము పెట్టుకున్న పేచీలూ వేరు.

అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది 'ఎక్స్'. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళు మా ఊళ్ళో అప్పటికింకా కొందరుండేవారు. వాళ్ళ వాకిళ్ళలో చెక్కబోర్డు, దాని మీద పేరు, పేరుకింద ఎక్స్ అని మొదలయ్యే హోదా. వాళ్ళకి ఊళ్ళో మర్యాద ఉండేది, బోర్డుకీ ఉండేది. దాన్ని చూసి ఊరంతా ఎక్స్ తగిలించుకోవడం మొదలుపెట్టింది. ఎక్స్ వార్డు మెంబరు, ఎక్స్ ప్రెసిడెంటు, సంఘం గొడవల్లో పదవి ఊడిన ఆయన ఎక్స్ ట్రెజరరు. మా వీధి చివర ఒకాయన ఎన్నికల్లో నిలబడి ఓడిపోయి, వెరపు లేకుండా ఎక్స్ కాండిడేటు అని రాయించుకున్నాడు. ఇదేం బోర్డు బాబాయ్ అని అడిగితే, నిలబడ్డం అబద్ధమా అన్నాడు.

తర్వాతది 'ఎర్స్ట్‌వైల్', అంటే ఒకప్పటి అని. ఇంగ్లీషు పేపర్లలో మా ఊరి గురించి తుపాను వార్త వచ్చినా, చేపల ధర వార్త వచ్చినా, మొదటి వాక్యంలో ఎర్స్ట్‌వైల్ ఫ్రెంచి కాలనీ అన్న మాట ఉండి తీరవలసిందే. ఫ్రెంచివాళ్ళు వెళ్ళి మూడు దశాబ్దాలైనా మేమింకా మొన్నటి ఊరి వాళ్ళమే. చుట్టూ ఆంధ్ర, మాట్లాడేది గోదావరి తెలుగు, మా కాగితాలు మాత్రం పాండిచ్చేరి పోయి రావాలి. మా మేనత్త ఈ మాటకి అర్థం అడిగి తెలుసుకుని, "ముందేంటో అందరికీ తెలుసుగానీ ఇప్పుడేంటో ఒక్కడూ రాయడేంట్రా?" అంది. నేను చదువుకున్న చదువులో అంత సూటిగా ఎవరూ అనలేదు.

మా మేనత్త, అంటే మా నాన్న చెల్లెలు, దరియాలతిప్పలో ఉండేది. మాది యానాం కనకాలపేటలో ప్రొటెస్టెంటు కుటుంబం. మా అమ్మ బడిపంతులమ్మ. అత్త మాత్రం చేపల వేటకెళ్ళే ఇంటికి కోడలై వెళ్ళి, అక్కడి మాటా అక్కడి గొంతూ పట్టేసింది. ఆదివారం ప్రార్థన గుడికి తెల్లచీర కట్టుకుని వచ్చి పాటలు పాడేటప్పుడు కూడా గాలికి ఎదురు కేకేసే గొంతే. ఇప్పుడు చెప్పబోయే జ్ఞాపకం నిజానికి ఆవిడది. నేను మధ్యలో పేపరు పట్టుకుని నిలబడ్డవాణ్ణి, అంతే.

నేను అప్పుడు రాజమండ్రిలో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రికకి యానాం విలేకరిని. కొత్తగా చేరిన రోజుల్లో డెస్కులో ఒక పెద్దాయన నా వార్తలు దిద్దేవారు. జేబులో ఎర్రసిరా పెన్ను, ముక్కు చివర కళ్ళద్దాలు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. తెలుగులో ఆయన రాసిన వాక్యం కడిగిన గాజుగ్లాసులా ఉండేది గానీ, పని మాటలన్నీ ఇంగ్లీషులోనే చెప్పేవారు. ఏ వార్త పట్టుకెళ్ళినా మొదటి ప్రశ్న, "ప్రీవియస్ ఏదోయ్?" అంటే ఈ సంగతి మీద ఇంతకుముందు మనం ఏం వేశామో ఆ కత్తిరింపు జత చెయ్యాలి. అది లేకుండా ఆయన కాగితం ముట్టుకునేవారు కాదు. ముందు ఏం చెప్పామో మర్చిపోయినవాడు ఈరోజు ఏం చెప్పినా అబద్ధమే అవుతుందని ఆయన నమ్మకం.

ఆ డెస్కులో రెండో మాట 'కర్టెన్ రైజర్'. జరగబోయేదాని గురించి ముందుగా రాసే వార్త. నాటకానికి తెర లేవకముందు జనాన్ని కూర్చోబెట్టే ముక్కలాంటిదన్నమాట. మూడోది 'అడ్వాన్స్'. ఈ మూడోది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దానిమీదే నడిచింది.

యానాం నుంచి వార్త రాజమండ్రి చేరాలంటే మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికి కవరు ఇవ్వాలి. ఆ బస్సు దాటితే మర్నాటి పేపరులో చోటు లేదు. మా ఊళ్ళో సభలూ ప్రారంభోత్సవాలూ సాయంత్రం చల్లబడ్డాకే మొదలవుతాయి. కాబట్టి జరగబోయేదాన్ని జరిగినట్టే మధ్యాహ్నమే రాసేసి, కాగితం నెత్తిన 'అడ్వాన్స్' అని పెద్దగా రాసి, కింద గీత గీసి పంపేవాళ్ళం. సాయంత్రం అది నిజంగా జరిగాక పోస్టాఫీసుకి పోయి ట్రంకు కాల్ పెట్టి, అయిందండీ అని చెబితే డెస్కులో వేసుకునేవారు. ఫోను రాకపోతే వార్త ఆగిపోవాలి. నేనొక్కణ్ణే కాదు, జిల్లాలో మారుమూల విలేకరులందరూ అలాగే బతికాం. ఇది తప్పని ఇప్పటి పిల్లలు నాకు చెప్పబోతారు. ముందు ఆ మధ్యాహ్నం బస్సు అందుకుని అప్పుడు చెప్పండి నాయనా అంటాను.

దరియాలతిప్పలో నీళ్ళ సంగతి ఆ వైపు బతికినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. సముద్రం దగ్గర, చుట్టూ నీళ్ళే, నోట్లో పోసుకునేందుకు గుక్కెడు ఉండదు. బావి తవ్వితే ఉప్పు. ఆడవాళ్ళు బిందెలు చంకనేసుకుని అడవిపొలం ఊరి వైపు నడిచి వచ్చేవారు, లేదా నావల్లో డ్రమ్ములు వేసుకుని తెచ్చుకునేవారు. ఆటుపోటు చూసుకుని నీళ్ళకి వెళ్ళాలి. పోటు మీదుంటే వంట ఆగిపోవాలి. మా అత్త ఇంటికి పోతే అన్నం ఎంతైనా పెట్టేది గానీ నీళ్ళ గ్లాసు ఇచ్చేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం ఆవిడకి తెలిసేది కాదు. నాకు తెలిసేది.

ఎట్టకేలకు ఆ ఊరికి మంచినీళ్ళ గొట్టం వేశారు. సిమెంటు దిమ్మ కట్టి, దానికి నాలుగు ఇత్తడి కుళాయిలు బిగించి, పక్కనే గోడకి శిలాఫలకం పాతి, దానికి నీలం శాటిను తెర కట్టారు. గొట్టంలో నీళ్ళు కూడా వచ్చి నిలబడ్డాయి. కాని నీళ్ళు వదిలే వాల్వుని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశారు, ఎందుకంటే ప్రారంభోత్సవం కాలేదు. పాండిచ్చేరి నుంచి ఒక పెద్దమనిషి రావాలి, ఆయన రిబ్బను కత్తిరించాలి, తెర లాగాలి, అప్పుడు తాళం తియ్యాలి. ఆయన ఒకసారి వస్తానన్నాడు, రాలేదు. కొబ్బరాకుల పందిరి ఎండిపోతే మళ్ళీ పచ్చాకు వేశారు. మళ్ళీ రాలేదు. కుళాయి ముందు నుంచే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో అడవిపొలం వెళ్ళి నిండు బిందెలతో అదే కుళాయి ముందు నుంచి తిరిగి వచ్చేవారు. నిండు కడుపుతో ఉన్న మా అత్త కోడలు కూడా అలాగే నడిచేది. కాలు జారితే ఏమవుతుందోనని అత్త వెనకాలే నడిచేది, రెండు బిందెలూ తానే మోస్తూ.

తాళం చెవి నీళ్ళ గొట్టాలు చూసే ఫిట్టరు దగ్గర ఉండేది. అతనిది మా కనకాలపేటే, మా గుడికి వచ్చేవాడే, నెమ్మదస్తుడు. మా అత్తకి వరసకి అల్లుడవుతాడు. రోజూ వచ్చి తాళం ఉందో లేదో చూసి వెళ్ళడం అతని డ్యూటీ. అత్త అతన్ని చూసినప్పుడల్లా, "ఏం అల్లుడూ, కాపలా బాగుందా? లోపల నీళ్ళకి జొరమొచ్చిందేమో చెయ్యెట్టి చూడు" అనేది. అతను తల వంచుకుని, "ఆయ్, నా చేతుల్లో ఏముందండి అత్తయ్యగారండి" అనేవాడు. "తాళంచెవుంది కదయ్యా" అనేది అత్త.

మూడోసారి మాత్రం ఖాయమన్నారు. పెద్దమనిషి బయలుదేరారని కూడా కబురొచ్చింది. నేను పద్ధతి ప్రకారం మధ్యాహ్నమే వార్త రాశాను. దరియాలతిప్పకు తాగునీరు అని శీర్షిక, ఫలానావారు ప్రారంభించారని, మహిళలు హర్షం వ్యక్తం చేశారని నాలుగు ముక్కలు. ఆ రోజుల్లో మహిళలు ఎప్పుడూ హర్షమే వ్యక్తం చేసేవారు; వాళ్ళు ఇంకేం వ్యక్తం చేసినా మాకు అచ్చులో చోటుండేది కాదు. నెత్తిన అడ్వాన్స్ అని రాసి, గీత గీసి, కవరు కండక్టరు చేతిలో పెట్టి, సైకిలెక్కి దరియాలతిప్ప పోయాను.

సాయంత్రం అక్కడ ఊరంతా ఉంది. ఆడవాళ్ళు తోమిన బిందెలు వరసగా పెట్టి, తలల్లో పూలు పెట్టుకుని, పట్టుచీరలున్నవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని కూర్చున్నారు. ఎండ దిగిపోయింది. పెద్దమనిషి రాలేదు. చివరికి ఇంజనీరు గారు జీపులో వచ్చి, ప్రోగ్రాం పోస్ట్‌పోన్ అయిందని చెప్పి, జీపు దిగకుండానే వెళ్ళిపోయారు. జనం గొడవ చెయ్యలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఖాళీ బిందెలు చంకనెత్తుకున్నారు. పూలు పెట్టుకుని ఖాళీ బిందెతో ఇంటికి నడిచే మనిషిని చూడడం ఎలా ఉంటుందో నేను రాయలేను, చాలాసార్లు ప్రయత్నించాను.

నేను ఫోను చెయ్యలేదు. చెయ్యకపోతే వార్త ఆగిపోతుంది కదా, అదే మా పద్ధతి. ఐతే ఆ రోజు డెస్కులో మా పెద్దాయన లేరు, ఇంట్లో శుభకార్యమని సెలవు పెట్టారు. ఆ కుర్చీలో కూర్చున్న కొత్తాయనకి ఈ ఫోను కట్టుబాటు ఎవరూ చెప్పలేదు. కాగితం మీద అడ్వాన్స్ అన్న మాట ఆయనకి వార్త ముందుగా చేరిందని చెప్పే గుర్తులా కనిపించింది, అంతే. చక్కగా జరిగిపోయినట్టు రాసిన వార్త, మంచి శీర్షిక. వేసేశాడు.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సులో పేపరు కట్ట దిగింది. టీకొట్టు దగ్గర పేపరు విప్పాను. ఊరంతా వట్టి చేతులతో తిరిగివచ్చిన సాయంత్రం గురించి, మహిళలు హర్షం వ్యక్తం చేశారని నా పేరు మీద అచ్చు. టీ వదిలేసి సైకిలెక్కాను. వెళ్ళి అత్త కాళ్ళ మీద పడైనా సరే ఇది అచ్చుతప్పులాంటిదని చెప్పుకోవాలనుకున్నాను. దారిపొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఒక్క మాటా వాడుకోవలసిన అవసరం రాలేదు.

నేను పోయేసరికి కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ ఉన్నారు, బిందెలతో. మధ్యలో మా అత్త, చేతిలో పేపరు. ఆవిడకి చదువు రాదు. ఎవరో చదివి చూపించిన చోట బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకుంది, తీస్తే వార్త ఎగిరిపోతుందన్నట్టు. ఎదురుగా ఫిట్టరు, చేతిలో తాళంచెవి.

"ఒరేయ్ అబ్బాయ్, సమయానికొచ్చావ్. మేం సంతోషపడ్డామని రాశావంట కదా?" అంది అత్త.

"అత్తా, అది..."

"బాగా రాశావు. మరి సంతోషం ఏదీ? ఆ పెట్టెలో ఉంది. తియ్యమను."

వెనకనుంచి ఎవరో, "పట్టుచీర నలిగిందే గానీ హర్షం రాలేదు విలేకరిగారండీ" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు కొరడాలా తగలాలి, తగల్లేదు. అందులో నామీద కోపం లేదు. వాళ్ళ చేతికి ఏదో దొరికింది, దాన్ని వదిలేలా లేరు.

ఫిట్టరు చెమటలు తుడుచుకుంటూ, "ఆర్డరు రాలేదండి అత్తయ్యగారండి. నా ఉద్యోగం పోద్ది" అన్నాడు.

"అచ్చులో పడింది అల్లుడూ. పాండిచ్చేరిలో కూడా చదివేసుంటారు. కుళాయి తెరిచామని లోకమంతా అనుకుంటుంటే నువ్వొక్కడివే మూసి పెట్టుకున్నావనుకో, తప్పు ఎవరిదవుద్ది?"

అతను నావైపు తిరిగాడు. "మీరు చెప్పండన్నయ్యా. తియ్యమంటారా?"

పేపరు తప్పని ఒక్క మాట అంటే అయిపోయేది. అతని ఉద్యోగం భద్రం, నా విలేకరిగిరీ భద్రం. నా డెస్కు పెద్దాయన గుర్తొచ్చారు, ఎర్రసిరా గుర్తొచ్చింది. దిమ్మ పక్కన నడుం పట్టుకుని నిలబడ్డ అత్త కోడలు కనిపించింది. "పేపర్లో నిన్న అని ఉంది. ఒక పూట ఆలస్యమైంది. తియ్యి" అన్నాను.

దానికి నేను ఇప్పటికీ చింతించడం లేదు.

ఫిట్టరు పెట్టె తాళం తీశాడు. ఎవరో కొబ్బరికాయ తెచ్చారు. మా అత్త వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "వద్దమ్మా. కాయ కొడితే ప్రారంభోత్సవం అయిపోద్ది. అది వాళ్ళ పని, వాళ్ళొచ్చి చేసుకుంటారు. రిబ్బను తెంపకండి, తెర ముట్టుకోకండి. నీళ్ళు పట్టుకుందాం, అంతే." ప్రార్థన చెయ్యమని గుడివాళ్ళెవరో అంటే, లోపల చేసుకోండి, పైకి వద్దు అంది. అలా దరియాలతిప్ప ఆడవాళ్ళు అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బను కింద నుంచి నడుం వంచి దూరి, ఒకరి తర్వాత ఒకరు కుళాయి దగ్గరికి వెళ్ళారు. మొదట గొట్టం బుసకొట్టింది. తర్వాత తుప్పునీళ్ళు, తర్వాత మట్టినీళ్ళు. ఆ తర్వాత తేటగా వచ్చాయి. అత్త దోసిలి పట్టి తాగి, కోడలి చేతిలో బిందె తీసుకుని కుళాయి కింద పెట్టింది.

అదే రోజు నన్ను ఇంజనీరు గారి ఆఫీసుకి పిలిపించారు. ఇంజనీరు గారు మంచి మనిషే, పై నుంచి తిట్లు తిని ఉన్నారు. "ఇట్ ఈజ్ ప్రిమెచ్యూర్ న్యూసండీ. టోటల్లీ ప్రిమెచ్యూర్. కుళాయి ఓపెన్ కాలేదని రేపే సవరణ వెయ్యండి. అది చూపించి మళ్ళీ లాక్ చేయిస్తాం. ఫార్మల్ ఓపెనింగ్ అయ్యాక ఇద్దాం" అన్నారు. ఫిట్టరుకి మెమో ఇచ్చేశామని కూడా చెప్పారు. అప్పుడు నాకు అర్థమైంది, నేను రాసే సవరణ ఏ పెట్టెకి తాళమో.

అత్త దగ్గరికి వెళ్ళి చెప్పాను. "ప్రిమెచ్యూరంటే ఏంట్రా?" అంది.

"నెలలు నిండకుండా పుట్టిందని అత్తా."

"పుడితే? మళ్ళీ కడుపులో పెట్టేసుకుంటారంటనా? నా రెండోవోడు ఏడో నెల్లో పుట్టాడు. దూదిలో పెట్టి పెంచుకున్నాను. అదిగో, వల లాగుతున్నాడు. పుట్టినదాన్ని పెంచుకోవాలని చెప్పు ఆయనకి."

ఆ మాట చెప్పడానికి నేను అక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున్న ఆడవాళ్ళందరూ ఆ కుళాయి నీళ్ళతో నిండిన బిందెలు ఎత్తుకుని యానాం దాకా నడిచి వచ్చి, ఆఫీసు వరండాలో వరసగా దించారు. ఏంటమ్మా ఇది అని అడిగితే, "ఫిట్టరు బాబుకి మెమో రాసి రాసి గొంతెండిపోయుంటాది కదండీ, తాగండి. దరియాలతిప్ప నీళ్ళు, తియ్యగా ఉన్నాయి" అంది అత్త. మొదట ఎవరూ ముట్టుకోలేదు. ఎండెక్కాక గుమాస్తా ఒకాయన గ్లాసు ముంచుకుని తాగాడు. తర్వాత మిగతావాళ్ళు తాగారు. ఇంజనీరు గారు తాగారో లేదో నేను చూడలేదు, తాగారని అత్త చివరిదాకా అనేది.

నేను రాజమండ్రి వెళ్ళాను. మా పెద్దాయన సెలవునుంచి తిరిగి వచ్చి ఉన్నారు. జరిగింది విని మండిపడ్డారు. జరగనిది జరిగిందని ఆయన డెస్కు నుంచి అచ్చవడం ఆయనకి చావుతో సమానం. కొత్తాయన తలవంచుకుని కూర్చున్నాడు. సవరణ వేసి తీరాలన్నారు పెద్దాయన. వేస్తే తాళం పడుతుందండీ అన్నాను. తాళాలు వెయ్యడం తియ్యడం పేపరు పని కాదోయ్ అన్నారు. నేను మొట్టమొదటిసారి ఆయనకి ఎదురుచెప్పాను. ఆయన లవంగం అటునుంచి ఇటు మార్చుకున్నారు.

"ప్రీవియస్ తెచ్చావా?"

తెచ్చాను. ఇచ్చాను. చదివారు.

"తెర లేచిందా?"

"లేదండి. అలాగే ఉంది."

"నీళ్ళొస్తున్నాయా?"

"వస్తున్నాయండి."

పెన్ను తీసి ఆయనే రాశారు. సవరణ. దరియాలతిప్ప కుళాయి ప్రారంభోత్సవం జరిగిందని మేము వేసిన వార్త సరికాదు. అతిథి రాలేదు, తెర తియ్యలేదు, రిబ్బను కత్తిరించలేదు. నీళ్ళు మాత్రం వస్తున్నాయి, ఊరివాళ్ళు తాగుతున్నారు. అంతే. ఒక్క విశేషణం లేదు, ఎవరూ హర్షం వ్యక్తం చెయ్యలేదు. దాన్ని మూలకి తోసెయ్యకుండా మొదటి వార్త పడ్డ చోటే, అంత అక్షరాల్లోనే వేయించారు. అడిగిన సవరణ అడిగినట్టే ఇచ్చాం. కాని అది చదివాక, తాగుతున్న నీళ్ళకి తాళం వెయ్యడానికి ఏ ఆఫీసులోనూ ఎవరి చెయ్యీ లేవలేదు. ఫిట్టరు మెమో ఏ బల్ల కింద పడిందో మరి, అతను ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాడు. పండగలకి అత్తకి బట్టలు పెట్టేవాడు.

పాండిచ్చేరి పెద్దమనిషి ఎప్పటికీ రాలేదు. నీలం తెర ఎండకి తెల్లబడింది, దాని అంచు ఒక మేక తినేసింది, మిగిలింది ఒక వానాకాలంలో గాలికి పోయింది. గాలికి పోయేదాకా ఊళ్ళో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. రిబ్బను కూడా అంతే, కుళ్ళి దానంతట అదే తెగింది. అన్నాళ్ళూ ఆడవాళ్ళు దానికింద వంగి దూరే వెళ్ళారు. శిలాఫలకం మీద మాత్రం ఫలానావారిచే ప్రారంభింపబడెను అని చాలా ఏళ్ళు ఉండేది. జరగనిదాన్ని జరిగిందని రాసిన రాయి అది. దానికి ఎవరూ సవరణ అడగలేదు.

ఆ సంగతి తర్వాత అత్తకి ఒక అలవాటు పట్టుకుంది. నేను ఏ వార్త చదివి వినిపించినా, చివరిదాకా విని, "ఒరేయ్, ఇది అయిందా, అవబోతోందా?" అని అడిగేది. వంతెన వస్తుందని చదివితే అదే ప్రశ్న. ఆసుపత్రికి పడకలొచ్చాయని చదివితే అదే ప్రశ్న. అయిందంటే సరే అనేది. అవబోతోందంటే, "అయితే అయ్యాక చదువు" అని లేచిపోయేది. డెస్కు పెద్దాయన నాకు ఇన్నేళ్ళలో నేర్పినదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆవిడకి ఇంగ్లీషు మాట ఒక్కటీ అవసరం లేకపోయింది.

ఇప్పుడు అత్త లేదు, పెద్దాయన లేరు, మధ్యాహ్నం బస్సుకి కవరు ఇచ్చేవాడూ లేడు. వార్త జేబులోనే మోగుతుంది, జరగకముందే మోగుతుంది. శంకుస్థాపనకి ఒక వీడియో, దానికి ముందు ఒక ప్రకటన, ప్రకటనకి ముందు రేపు ప్రకటిస్తామని ఇంకో ప్రకటన. అంతా తెర లేవడమే, తెర వెనక ఏముందో చూద్దామని ఎవరూ వంగి దూరరు. దరియాలతిప్పలో ఇప్పుడు ఇంటింటికీ నీళ్ళ గొట్టాలున్నాయి, ఆటోల్లో నీళ్ళ క్యాన్లూ వస్తాయి. అక్కడి పిల్లలకి ఆ దిమ్మ ఎందుకుందో తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో, నీళ్ళ కోసం నడిచిన కాళ్ళు మర్చిపోవడమే వాళ్ళ హక్కు. నేను మాత్రం మర్చిపోను.

ఆ కెమెరా కుర్రాళ్ళు పోయేముందు నా దగ్గరికి వచ్చి, వీడియోకి లైకు కొట్టండి అంకుల్ అని ఫోనులో ఏదో చూపించారు. ఆ అబ్బాయీ అమ్మాయీ చేతులు పట్టుకుని గోదావరి వెంట పరిగెడుతున్నారు, వెనకాల ఎవరిదో సన్నాయి. చాలా అందంగా ఉన్నారు. పెళ్ళి అయిందా, అవబోతోందా అని అడిగాను. అవబోతోందని ఇందాకే చెప్పాం కదండీ అన్నారు.

అయితే అయ్యాక చూపించండి అన్నాను. రేపు కూడా ఇదే బెంచీ మీద ఉంటాను.